ఎనిమిదో గడప

అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో సాధారణ సీజన్ అక్టోబరులో మొదలై ఏప్రిల్ నడిమి దాకా సాగుతుంది. ఈ ఆరు నెలల్లో ఒక్కో జట్టు 82 ఆటలు ఆడుతుంది. అందులో 41 సొంత ఊళ్లో, 41 పరాయి ఊళ్లలో. మొత్తం 30 జట్లు తూర్పు, పడమర అని రెండు విభాగాలుగా ఉంటాయి, విభాగానికి పదిహేను. ఆరు నెలల ఆట ముగిశాక ఒక్కో విభాగం నుంచి ఎనిమిది జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. టైటిల్ కోసం పోరాడే హక్కు ఆ పదహారింటిదే. మిగతా పద్నాలుగు జట్ల ఆటగాళ్లు సామాన్లు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోతారు. పట్టికలో ఎనిమిదో వరసకూ తొమ్మిదో వరసకూ మధ్య ఉన్నది ఒక్క సన్నని గీతే అయినా, ఆ గీతకు అవతల ఉంటే వేసవి సెలవులు, ఇవతల ఉంటే కొత్త సీజన్ లాంటి మరో ఆరంభం.

మార్చి నెల సగం గడిచేసరికి మొదటి స్థానాల సంగతి దాదాపు తేలిపోతుంది. అడుగున ఉన్న జట్ల గతీ తేలిపోతుంది. తేలనిదల్లా ఆరో స్థానం నుంచి పదకొండో స్థానం దాకా ఉన్న ఇరుకు జాగా. అక్కడి జట్లలో ఏదీ లీగ్‌లో గొప్ప జట్టు కాదు. ఎనిమిదో స్థానంతో లోపలికి వచ్చి టైటిల్ గెలిచిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో లేదు. 1995లో ఆరో స్థానం నుంచి వచ్చి గెలిచిన హ్యూస్టన్ రాకెట్స్‌దే ఇప్పటికీ అడుగు నుంచి వచ్చిన విజేతల్లో రికార్డు. అందుకని చివరి స్థానాల కోసం జరిగే పోటీని చిల్లర పోటీగా చూసేవాళ్లు ఉన్నారు. అది సరైన చూపు కాదు. సీజన్‌లో ఆడిన ప్రతి ఆటకూ ఒకే బరువు ఉందన్న నిజం పైస్థానాల్లో కనబడదు, అడుగునా కనబడదు. చివరి స్థానం దగ్గర మాత్రమే కళ్లకు కడుతుంది. నవంబరులో ఏమరుపాటున వదులుకున్న ఆట అక్కడికి వడ్డీతో సహా తిరిగి వస్తుంది.

ఈ పోటీని అర్థం చేసుకోవడానికి ముందుగా పట్టిక చదవడం తెలియాలి. ఎన్‌బీఏ పట్టికలో పాయింట్లు ఉండవు. గెలుపులు, ఓటములు, వాటి శాతం, ఆ పక్కన ఎన్ని ఆటల వెనకబాటు అన్న గడి ఉంటాయి. డ్రా అన్న మాట లేదు. సమం అయితే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, అప్పటికీ తేలకపోతే మరో ఐదు నిమిషాలు. వెనకబాటు లెక్క తేలికైనదే. రెండు జట్ల గెలుపుల తేడానూ ఓటముల తేడానూ కూడి, రెండుతో భాగించాలి. ఒక జట్టు 40 గెలిచి 38 ఓడి, ఇంకో జట్టు 39 గెలిచి 38 ఓడి ఉంటే తేడా అర ఆట. ఆ అర ఆట అంటే రెండో జట్టు చేతిలో ఇంకా ఆడని ఆట ఒకటి ఉందని అర్థం. మార్చి నెలాఖరులో అభిమానుల నోట ఎక్కువగా నలిగే మాట ఈ అర ఆటే.

వెనకబాటు గడిలో ఇంకో కిటుకు ఉంది. పోటీలో ఉన్న రెండు జట్లలో ఒకటి మాత్రమే ఆడి గెలిచిన రోజున దానికి అర ఆట లాభం. అవే రెండు ఎదురెదురుగా ఆడితే, గెలిచినదానికి ఒక గెలుపు, ఓడినదానికి ఒక ఓటమి. ఒక్క రాత్రిలో పూర్తి ఆట తేడా వచ్చేస్తుంది. అందువల్ల షెడ్యూల్ విడుదలైన ఆగస్టు నాడు ఎవరూ పట్టించుకోని ఆట ఏప్రిల్‌కల్లా రెండు ఊళ్లకు ప్రాణావసరం కావచ్చు.

ఆఖరి రోజు కూడా రెండు జట్లు సమానంగా నిలిస్తే ముడి విప్పే నియమాలు ఉన్నాయి. తెలుగు పాఠకులకు ఐపీఎల్ పుణ్యాన నెట్ రన్‌రేట్ లెక్కలు బాగా తెలుసు. పరుగుల తేడాను ఓవర్లతో కలిపి దశాంశ స్థానాల్లో తేల్చే పద్ధతి అది. ఎన్‌బీఏలో మొదట చూసేది అంకెలను కాదు. ఆ రెండు జట్లూ సీజన్‌లో ఒకదానితో ఒకటి ఆడినప్పుడు ఎవరు ఎక్కువ గెలిచారన్నదే మొదటి ప్రశ్న. సొంత విభాగంలోని ప్రతి జట్టుతో మూడు లేదా నాలుగు ఆటలు ఉంటాయి కాబట్టి చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అదీ సమమైతే విభాగం లోపలి ఉపవిభాగానికి (డివిజన్) విజేత ఎవరు, విభాగంలోని జట్ల మీద గెలుపోటములు ఎలా ఉన్నాయి అని వరసగా చూస్తారు. మొత్తం పాయింట్ల తేడా చిట్టచివరి వరసలో వస్తుంది.

ఈ నియమం ఎంత దూరం నుంచి వచ్చి తగులుతుందో 2014-15 సీజన్ చెబుతుంది. 2015 ఫిబ్రవరి 6న న్యూ ఓర్లీన్స్ పెలికాన్స్ ఓక్లహోమా సిటీకి వెళ్లి థండర్ జట్టుతో ఆడింది. స్కోరు 113 దగ్గర సమంగా ఉంది. గడియారంలో రెండు సెకన్లయినా మిగల్లేదు. బంతి న్యూ ఓర్లీన్స్ ఆటగాడు ఆంథొనీ డేవిస్‌కు అందింది. బుట్ట దగ్గర ఆడే పొడవైన ఆటగాడు అతను. త్రీపాయింటర్లు ఆ రోజుల్లో అతని అలవాటు కాదు. మీదికి ఎగిరినవాడు థండర్ ఆటగాడు కెవిన్ డ్యూరంట్. డేవిస్ గాలిలోకి లేచి, బంతిని ఒకసారి కిందికి లాక్కుని, డ్యూరంట్ చేయి దాటేదాకా ఆగి, మళ్లీ పైకెత్తి విసిరాడు. బంతి బుట్టలో పడింది. న్యూ ఓర్లీన్స్ 116-113తో గెలిచింది. డేవిస్ ఆ రాత్రి 41 పాయింట్లు చేశాడు. సీజన్‌లో ఇంకా రెండు నెలలకు పైగా ఆట ఉంది. మర్నాడు పత్రికల్లో అది ఒక అందమైన షాట్ మాత్రమే.

ఏప్రిల్ 15, ఆఖరి రోజు. న్యూ ఓర్లీన్స్ సొంత కోర్టులో అప్పటి విజేత శాన్ ఆంటోనియో స్పర్స్‌ను 108-103తో ఓడించింది. ఓక్లహోమా సిటీ మిన్నెసోటా మీద 138 పాయింట్లు చేసి గెలిచింది. రెండు జట్లకూ 45 గెలుపులు, 37 ఓటములు. ముడి విప్పడానికి ముఖాముఖి ఆటలు చూస్తే నాలుగింట మూడు న్యూ ఓర్లీన్స్‌వి. ఎనిమిదో స్థానం దానికే దక్కింది. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అత్యధిక సగటు పాయింట్లు సాధించిన ఓక్లహోమా సిటీ ఆటగాడు రస్సెల్ వెస్ట్‌బ్రూక్ ప్లేఆఫ్స్‌కు బయటే ఉండిపోయాడు. డ్యూరంట్ గాయాలతో 27 ఆటలకే పరిమితమైన సీజన్ అది, కాబట్టి ఓక్లహోమా సిటీ వైఫల్యానికి కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా ఫిబ్రవరి రాత్రి గాలిలో ఒక క్షణం ఆగి విడిచిన ఆ బంతే ఏప్రిల్ తలుపు తీసిందన్నది పట్టిక చెప్పే మాట.

చివరి స్థానం విలువ రెండు విభాగాల్లోనూ ఒకేలా ఉండదు. 2007-08లో పడమరలో ఎనిమిది జట్లూ 50 అంతకు మించి ఆటలు గెలిచాయి. ఎనిమిదో స్థానంలో ఉన్న డెన్వర్ నగ్గెట్స్‌కు సరిగ్గా 50. 48 గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ తొమ్మిదో స్థానంతో ఇంటికి వెళ్లింది. అదే ఏడు తూర్పులో అట్లాంటా హాక్స్ 37 గెలిచి, 45 ఓడి, దర్జాగా లోపలికి నడిచింది. ఆరేళ్ల తర్వాత ఫీనిక్స్ సన్స్‌కూ ఇదే అనుభవం. 48 గెలుపులతో బయట నిలబడి, 38 గెలుపుల అట్లాంటాను లోపల చూసింది. దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగు కాలమండలాలు దాటే ప్రయాణాలు ఉన్నందున విభాగాలు అవసరమే. కానీ ఆ గీత వల్ల కొందరికి అన్యాయం జరుగుతుందన్నదీ నిజమే. వారియర్స్‌లాంటి జట్ల సీజన్లు గుర్తు పెట్టుకోదగినవి, పట్టిక వాటిని మరిచిపోయినా సరే.

ఎనిమిదో స్థానానికి దారి వేసిన నియమం ఇటీవల మారింది. ఆ మార్పుకు మూలం 2020. కరోనా వల్ల మార్చి 11న ఆగిన సీజన్ జులై 30న ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర, ప్రేక్షకులు లేని కోర్టుల్లో మళ్లీ మొదలైంది. అవకాశం మిగిలి ఉన్న 22 జట్లనే పిలిచారు. ఒక్కోదానికి ఎనిమిది ఆటలు. వాటి తర్వాత తొమ్మిదో జట్టు ఎనిమిదో జట్టుకు నాలుగు ఆటల లోపు దూరంలో ఉంటే ఆ రెండూ మళ్లీ తలపడాలి. తొమ్మిదో జట్టు వరసగా రెండుసార్లు గెలవాలి. ఎనిమిదోదానికి ఒక్క గెలుపు చాలు.

ఎనిమిదో స్థానంలో ఉన్న మెంఫిస్ గ్రిజ్లీస్‌కు ఆరు ఆటల వెనకగా అక్కడికి చేరిన ఫీనిక్స్ సన్స్ మీద ఎవరికీ ఆశ లేదు. ఆ జట్టు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. మరో జట్టు అలా గెలవలేదు. ఆఖరి ఆట ముగించి, ఇక పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ ఓడాలని ఎదురుచూడటమే ఫీనిక్స్‌కు మిగిలిన పని. ఆగస్టు 13 రాత్రి పోర్ట్‌లాండ్, బ్రూక్లిన్ నెట్స్ ఆడాయి. పోర్ట్‌లాండ్ వీరుడు డేమియన్ లిల్లార్డ్ అంతకు ముందు రెండు ఆటల్లో 51, 61 పాయింట్లు చేసి ఉన్నాడు. ఆ రాత్రి 42 చేశాడు. అంత చేసినా పోర్ట్‌లాండ్ ఆధిక్యం ఒక్క పాయింటు, 134-133. ఆఖరి షాట్ బ్రూక్లిన్ ఆటగాడు కారిస్ లెవర్ట్ చేతిలో ఉంది. అతను అప్పటికే 37 పాయింట్లు చేశాడు. బంతి బుట్టలో పడితే పోర్ట్‌లాండ్ ఇంటికి, ఫీనిక్స్ ముందుకు. పడలేదు. తర్వాత పోర్ట్‌లాండ్ 126-122తో మెంఫిస్‌ను ఓడించి ఎనిమిదో స్థానం తీసుకుంది. ఎనిమిది ఆటల్లో ఒక్కటీ ఓడని ఫీనిక్స్‌ను వెనక్కి లాగింది మార్చిలో సీజన్ ఆగేలోపు ఓడిన 39 ఆటలే. అయితే ఆ ఎనిమిది ఆటల శ్రమ వృథా కాలేదు. మరుసటి సీజన్‌లో అదే జట్టు, క్రిస్ పాల్ వచ్చి చేరాక, టైటిల్ ఫైనల్ దాకా వెళ్లింది.

ఆ వేసవిలో కలిగిన ఉత్కంఠను లీగ్ నియమంగా మార్చుకుంది. 2021 నుంచి ప్లే-ఇన్ పేరుతో నడుస్తున్న పద్ధతి ఇది: ఒక్కో విభాగంలో మొదటి ఆరు జట్లు నేరుగా ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. ఏడో జట్టు, ఎనిమిదో జట్టు ఒక ఆట ఆడతాయి. గెలిచినదానికి ఏడో స్థానం ఖాయం. తొమ్మిది, పది జట్లు ఇంకో ఆట ఆడతాయి. అక్కడ ఓడినదాని కథ ముగుస్తుంది. మొదటి ఆటలో ఓడిన జట్టూ రెండో ఆటలో గెలిచిన జట్టూ ఎనిమిదో స్థానం కోసం మూడో ఆట ఆడతాయి. అంటే ఏడు, ఎనిమిది జట్లకు రెండు అవకాశాలు, తొమ్మిది, పది జట్లకు ఒక్క పొరపాటుకూ చోటు లేదు. 82 ఆటల శ్రమకు ఆ మాత్రం విలువ ఇచ్చారన్నమాట.

ఈ ఆటలకు ఒక విశేషం ఉంది. ఇందులో చేసిన పాయింట్లు సాధారణ సీజన్ గణాంకాల్లో కలవవు, ప్లేఆఫ్స్ గణాంకాల్లోనూ కలవవు. నరసింహుడు హిరణ్యకశిపుణ్ని వధించిన గడప లాంటి చోటు, ఇంటి లోపలా కాదు, బయటా కాదు. 2021 మే 19న లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కూ గోల్డెన్ స్టేట్‌కూ ఆ గడప మీదే పోరు జరిగింది. నిమిషం లోపు సమయం ఉండగా లెబ్రాన్ జేమ్స్ చాలా దూరం నుంచి త్రీపాయింటర్ వేసి 103-100తో లేకర్స్‌ను గెలిపించాడు. ఓడిన గోల్డెన్ స్టేట్ రెండో అవకాశంలో మెంఫిస్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడింది. మరుసటి ఏడాది అదే గోల్డెన్ స్టేట్ టైటిల్ గెలిచింది. పదో స్థానం నుంచి రెండు ఆటలూ గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరిన మొదటి జట్టు 2025లో మయామి హీట్. పరాయి ఊళ్లలోనే షికాగో మీదా, ఆ తర్వాత ఓవర్‌టైమ్‌లో అట్లాంటా మీదా గెలిచి వచ్చింది.

ప్లే-ఇన్ వచ్చాక ఆరో స్థానం కొత్త గడప అయింది. నేరుగా వెళ్లే చివరి చోటు అదే కాబట్టి. 2025 పడమర పట్టిక దీనికి మంచి నిదర్శనం. మూడో స్థానంలో ఉన్న లేకర్స్‌కు 50 గెలుపులు, ఎనిమిదో స్థానంలో ఉన్న మెంఫిస్‌కు 48. ఆరు జట్ల మధ్య తేడా రెండు గెలుపులే. ఏప్రిల్ 13న, ఆఖరి రోజు, గోల్డెన్ స్టేట్ సొంత కోర్టులో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 124-119తో ఓడి, ఆ ఒక్క ఓటమితో ఏడో స్థానానికి జారి ప్లే-ఇన్ ఆడాల్సి వచ్చింది. ఆ వసంతంలో ఈ ఒత్తిడి కోచ్‌ల కుర్చీలనూ కదిపింది. మెంఫిస్ తొమ్మిది ఆటలు మిగిలి ఉండగా టేలర్ జెంకిన్స్‌ను తప్పించింది. డెన్వర్ మూడే మూడు ఆటలు ఉండగా మైఖేల్ మలోన్‌ను తప్పించింది. అంతకు రెండేళ్ల కిందట డెన్వర్‌కు టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్ అతనే.

ఆఖరి రోజున 30 జట్లూ ఆడతాయి. ఒకరి ఫలితం చూసుకుని ఇంకొకరు ఆట మార్చుకోకుండా, ఇటీవలి సీజన్లలో ఒక్కో విభాగం ఆటలన్నీ ఒకే వేళకు మొదలుపెడుతున్నారు. 2025లో తూర్పు ఆటలు భారత కాలమానం ప్రకారం ఆదివారం రాత్రి పదిన్నరకు, పడమర ఆటలు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలయ్యాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న అభిమాని నిద్ర మానుకుని చూడాల్సిందే. కోర్టులో ఆడుతున్నవాళ్లకూ మిగతా ఊళ్ల స్కోర్లు తెలుస్తూనే ఉంటాయి. టైమ్‌అవుట్‌లో కోచ్ బొమ్మ గీసి చూపిస్తుంటే, ప్రేక్షకుల మధ్య నుంచి అకారణంగా లేచిన కేక ఎక్కడో ఇంకో జట్టు ఓడిందని చెబుతుంది.

అప్పటికి ఆటగాళ్ల ఒళ్లు కూడా అలసిపోయి ఉంటుంది. వరసగా రెండు రాత్రులు రెండు ఊళ్లలో ఆడటం సీజన్‌లో పలుమార్లు తప్పదు. చీలమండకు పట్టీ, మోకాలికి మంచుగడ్డ లేని ఆటగాడు అరుదు. పైస్థానాల జట్లు తమ ముఖ్యులకు విశ్రాంతి ఇచ్చి కుర్రాళ్లను దింపుతాయి. తలుపు దగ్గర నిలబడిన జట్టుకు ఆ వెసులుబాటు లేదు. ప్రత్యర్థి ముఖ్యులు ఆడని రాత్రి ఎదురుపడితే అది అదృష్టం. పోటీదారుకు ఆ అదృష్టం దక్కితే అది గుండెకోత.

ఈ పోటీకి ఎదురుగా లాగే బలం ఒకటి ఉంది. ప్లేఆఫ్స్‌కు రాని 14 జట్లు కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) ముందు వరస కోసం లాటరీలో పాల్గొంటాయి. ఎంత అడుగున ఉంటే అంత ఎక్కువ అవకాశం. కావాలని ఓడటాన్ని తగ్గించడానికి 2019 నుంచి అడుగున ఉన్న మూడు జట్లకూ సమానంగా 14 శాతం చొప్పున పంచారు. అయినా ఆశ చావదు. 2023 ఏప్రిల్ 7న డాలస్ మావెరిక్స్‌కు పదో స్థానం అందే అవకాశం ఇంకా ఉంది. ఆ సీజన్‌లో మొదటి పది లోపు పడితేనే దాని డ్రాఫ్ట్ ఎంపిక దానికి దక్కుతుంది, లేకపోతే న్యూయార్క్‌కు పోతుంది. ఆ రాత్రి షికాగోతో ఆటలో డాలస్ కైరీ అర్వింగ్ సహా ముఖ్యులను కూర్చోబెట్టింది. లూకా డాన్‌చిచ్‌ను కాసేపు ఆడించి బెంచికి పిలిచింది. మూడు పాయింట్లతో ఓడింది. లీగ్ ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఆ ఎంపికతో జరిగిన మార్పిడిలో వచ్చిన డెరెక్ లైవ్లీ మరుసటి ఏడాది డాలస్ ఫైనల్‌కు చేరడంలో పాలు పంచుకున్నాడన్నది కూడా చరిత్రే. లెక్క చూస్తే ఓటమి లాభించింది. ఆ రాత్రి టికెట్ కొనుక్కుని, కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని వచ్చినవాళ్లకు మాత్రం ఆ లాభంలో వాటా లేదు. గెలవడానికి ప్రయత్నిస్తారన్న నమ్మకం మీదే ఆట నిలబడుతుంది. ప్లే-ఇన్ చేసిన పెద్ద మేలు ఇదే: పది, పదకొండు స్థానాల్లో ఉన్న జట్లకు ఓటమి వైపు చూడకుండా ఉండటానికి ఒక కారణం ఇచ్చింది.

పాత పద్ధతిలో ఈ పోటీ పరాకాష్ఠకు చేరిన రోజు 2018 ఏప్రిల్ 11. మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్, డెన్వర్ నగ్గెట్స్ 81 ఆటల తర్వాత 46 గెలుపులు, 35 ఓటములతో సమంగా ఉన్నాయి. 82వ ఆట ఆ రెండింటి మధ్యే. గెలిచినవాళ్లు లోపలికి, ఓడినవాళ్లు ఇంటికి. ఆఖరి రోజున రెండు జట్లు ఇలా తాడోపేడో తేల్చుకోవడం 1997లో వాషింగ్టన్, క్లీవ్‌లాండ్ ఆడిన తర్వాత 21 ఏళ్లకు అదే మొదటిసారి. మిన్నెసోటా ప్లేఆఫ్స్ చూసి 13 సీజన్లు గడిచాయి. అంతకు రెండు వారాల ముందే అడుగున ఉన్న మెంఫిస్ చేతిలో సొంతగడ్డ మీద ఓడి, ఈ పరిస్థితి కొనితెచ్చుకుంది. డెన్వర్ వరసగా ఆరు గెలిచి మిన్నియాపొలిస్‌లో దిగింది.

నాలుగు క్వార్టర్లు ముగిసే వేళకు 101 దగ్గర సమం. ఆఖరి బంతి డెన్వర్‌ది. అది సెర్బియా నుంచి వచ్చిన నికోలా యోకిచ్‌కు చేరింది. ఆ రాత్రి 35 పాయింట్లు చేసినవాడు అతను. ఎదురుగా టాజ్ గిబ్సన్. మెడ నొప్పితో ఆడుతున్న, పేరుకు పెద్ద తార కాని ఆటగాడు. యోకిచ్ భుజంతో తోసుకుంటూ తిరగబోయేసరికి గిబ్సన్ చేయి బంతికి తగిలింది. షాట్ వేసే లోపే బంతి జారిపోయింది. గంట మోగింది. ఓవర్‌టైమ్‌లో మిన్నెసోటా 112-106తో గెలిచింది. 31 పాయింట్లు చేసిన జిమ్మీ బట్లర్ ఆ గెలుపుకు నాయకుడు. ఆ ఒక్క చేతి తాకిడిని గెలుపోటముల పట్టిక ఎక్కడా చూపదు. 47-35 అని ఒకరి ఎదుట, 46-36 అని ఇంకొకరి ఎదుట రాసి ఊరుకుంటుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. లోపలికి వచ్చిన ఎనిమిదో జట్టుకు ఎదురయ్యేది మొదటి స్థానంలో ఉన్న జట్టు. చాలాసార్లు పక్షం తిరక్కుండానే కథ ముగుస్తుంది. 2018లో మిన్నెసోటా హ్యూస్టన్ మీద ఒక్క ఆటే గెలవగలిగింది. అయినా అప్పుడప్పుడూ తలుపు దగ్గర నేర్చిన పట్టుదల లోపలా పనిచేస్తుంది. 1994లో 42 గెలుపుల డెన్వర్ 63 గెలుపుల సియాటిల్‌ను ఓడించింది. ఎనిమిదో జట్టు మొదటి జట్టును ఓడించడం అదే మొదలు. ఆట ముగిశాక డెన్వర్ ఆటగాడు డికెంబే ముటంబో నేల మీద వెల్లకిలా పడి, బంతిని రెండు చేతులా తలపైకెత్తి పట్టుకున్న దృశ్యం చూసినవాళ్లెవరూ మరువలేదు. 1999లో, 50 ఆటలకు కుదించిన సీజన్‌లో, 27 గెలిచి ఎనిమిదో స్థానం పట్టుకున్న న్యూయార్క్ నిక్స్ ఏకంగా ఫైనల్ చేరింది. 2007లో గోల్డెన్ స్టేట్ మార్చి మొదట్లో 26-35తో కుంటుతూ, మిగిలిన 21 ఆటల్లో 16 గెలిచి లోపలికి వచ్చి, 67 గెలుపుల డాలస్‌ను పడగొట్టింది.

వీటన్నిటికీ మించినది 2023లో మయామి కథ. ప్లే-ఇన్‌లో అట్లాంటా చేతిలో సొంత కోర్టులోనే ఓడింది. రెండో అవకాశంలో షికాగోతో ఆడుతూ నాలుగు నిమిషాల లోపు సమయం ఉండగా కూడా వెనకబడే ఉంది. అక్కడి నుంచి తేరుకుని 102-91తో గెలిచి ఎనిమిదో జట్టుగా లోపలికి వచ్చింది. తర్వాత మొదటి స్థానంలో ఉన్న మిల్వాకీని 4-1తో ఓడించింది, న్యూయార్క్‌ను ఓడించింది, బోస్టన్‌ను ఏడు ఆటల్లో ఓడించి ఫైనల్‌లో నిలిచింది. ఆ జట్టు నాయకుడు జిమ్మీ బట్లర్. మిల్వాకీ మీద ఒక్క ఆటలో 56 పాయింట్లు చేసినవాడు.

ఫైనల్‌లో ఎదురైన జట్టు డెన్వర్. 2018లో గంట మోగే వేళ బంతి జారవిడుచుకున్న యోకిచ్ అక్కడే ఉన్నాడు. ఆ నాటి జట్టులోని జమాల్ మరే ఉన్నాడు. కోచ్ మలోన్ కూడా ఉన్నాడు. ఆ ఓటమి తర్వాత ఆ జట్టును విడగొట్టలేదు. మరుసటి సీజన్‌లోనే 54 ఆటలు గెలిచి పడమరలో రెండో స్థానానికి చేరింది. చివరి రోజు దాకా లాక్కుని రాకూడదన్న పాఠం అందులో ఉంది. 2018 ఏప్రిల్ 11న మిన్నియాపొలిస్‌లో గడప దాటినవాడు బట్లర్, వెనుదిరిగినవాడు యోకిచ్. 2023 జూన్ 12న డెన్వర్‌లో 94-89తో ఐదో ఆట ముగిశాక, నగ్గెట్స్ చరిత్రలో మొదటి ఎన్‌బీఏ టైటిల్ అందుకున్నవాడు యోకిచ్, వెనుదిరిగినవాడు బట్లర్.